కదిలే కాపురం... పగిలే పింగాణీ!

సినిమాల్లో గాజు పగలడం ఎంత తేలికో మీకు తెలియంది కాదు. హీరోగారు సీసా తీసి విలన్ అనుచరుడి నెత్తిన ఒక్కటిస్తే సీసా వెయ్యి ముక్కలవుతుంది. అనుచరుడి నెత్తి మాత్రం భేషుగ్గా ఉంటుంది! పాతరోజుల్లో హాలీవుడ్ వాళ్ళు అలాంటి సీసాలను పంచదార పాకం గట్టిపరిచి పోసేవారు. తరవాత్తరవాత రెజిన్ వచ్చింది. ఎలా చేసినా, డైరెక్టరు ‘యాక్షన్’ అన్నాక, కెమెరా ఎదుట, పగలవలసిన చోట మాత్రమే పగిలే బుద్ధిమంతమైన గాజు అది.

మరి పగలకూడని గాజు సంగతో? అదీ ఇంట్లో అలమర్లో కూచున్న గాజు కాదు. గంటకు అరవై మైళ్ళ వేగంతో, కొండలెక్కుతూ దిగుతూ పోయే బండిలో ఉన్న గాజు! దానికి డైరెక్టరూ లేడు, రీటేకూ లేదు. పగిలిందంటే పగిలిందే.

కేరవాన్ అనగానే మీకు షూటింగు స్పాటులో హీరోగారి ఏసీ బండి గుర్తుకొస్తుంది. మన కేరవాన్లకి ఈ బెడద తక్కువే. అందులో అద్దం, సోఫా, మేకప్ సామాను, మహా అయితే ఓ చిన్న ఫ్రిజ్జు. వంట వేరే చోట, భోజనాలు పెద్ద పెద్ద స్టీలు గిన్నెల్లో వేరే బండిలో వస్తాయి. నేను చెప్పేది అమెరికా వాళ్ళ కేంపర్ సంగతి. పొయ్యి, సింకు, పడక, బాత్రూము అన్నీ అందులోనే. అది కొందరిది కారు వెనక తగిలించుకునే ట్రైలరు, కొందరిది ఇంజనుతో సహా ఒకటే బండిగా ఉండే మోటార్‌హోమ్. వారం రోజులు కాపురమే బండెక్కుతుందన్నమాట. కాపురం బండెక్కితే కప్పూ సాసరూ కూడా ఎక్కాలి కదా!

ఈ సబ్జెక్టు మీద హాలీవుడ్ వాళ్ళు తీసిన రెండు మంచి పిక్చర్ల గురించి చెప్పాలని కూచున్నాను. ఒకటి చూస్తే పగలబడి నవ్వుతాం, రెండోది చూస్తే గొంతు పట్టేస్తుంది. ఆ రెంటినీ నాకు గుర్తుచేసింది మాత్రం మా అమ్మ ఆవకాయ జాడీ. ముందు ఆ కథ వినండి.

మారిపోసా మలుపులో...

2018 ఎండాకాలం. శాన్ హోసేలో ఉంటున్న మా అక్కా, బావగారూ ఓ మోటార్‌హోమ్ అద్దెకు తీసుకున్నారు. యోసెమిటీ చూసొద్దామని ప్రోగ్రాం. చుట్టపుచూపుగా వెళ్ళిన నేనూ ఎక్కాను. అక్క ముందురోజు రాత్రంతా సామాను సర్దింది. బియ్యం, కందిపొడి, గోంగూర పచ్చడి, నాలుగు గాజు గ్లాసులు, ఆరు పింగాణీ పళ్ళాలు, చివరికి ఓ చిన్న జాడీ. కింద తెలుపు, పైన గోధుమరంగు, మీద పింగాణీ మూత. మా అమ్మ కాపురానికి వస్తూ తెచ్చుకున్న జాడీ అది. అక్క అమెరికా వెళ్ళేటప్పుడు పట్టుచీర మధ్యన చుట్టి, చేతిసంచిలో పెట్టుకుని, ఒళ్ళోంచి దించకుండా తీసుకెళ్ళింది.

“అదెందుకే? ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాలో పోసుకో” అన్నారు బావగారు.

“మీకు తెలీదులెండి. జాడీలో ఉంటేనే ఆవకాయ” అంది అక్క.

బావగారు ఇంక మాట్లాడలేదు. పెళ్ళై పద్దెనిమిదేళ్ళయింది మరి.

జాడీ బండి వెనక భాగంలో, తలెత్తి చూసే పై అలమర్లోకి చేరింది. ‘పైన అయితే ఎవరి కాలూ తగలదు’ అని అక్క లెక్క. దాని పక్కన గ్లాసులు, వాటి పక్కన పళ్ళాలు ఒకదాని మీద ఒకటి. అలమర తలుపు చక్కగా పడింది, క్లిక్కుమంది. అంతా బాగానే ఉందనుకున్నాం.

మెర్సెడ్ దాటేదాకా రోడ్డు అరచేతిలా ఉంది. బండి వెనకనుంచి సన్నగా ‘గలగల’ మంటూ ఓ చప్పుడు. “పళ్ళాలు పాటలు పాడుతున్నాయి” అని నేను హాస్యమాడాను కూడా. మారిపోసా దగ్గర కొండలు మొదలయ్యాయి. ఓ మలుపులో ఎదురుగా కారు అడ్డం వచ్చేసరికి బావగారు గట్టిగా బ్రేకు తొక్కారు. వెనక అలమర తలుపు ‘ఫట్’ మని తెరుచుకుంది. తరవాత విన్న చప్పుడు నేను వర్ణించను.

బండి పక్కకి ఆపి లోపలికి చూస్తే నేలంతా ఎర్రటి నూనె, మెంతులు, మామిడిముక్కలు, వాటి మధ్యలో తెల్లటి పెంకులు. జాడీ మూత మాత్రం పరుపు మీద పడి అలాగే ఉంది. అక్క ఏడవలేదు, కేకలూ వెయ్యలేదు. చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని ఒక్కో పెంకూ ఏరింది. బావగారు ఏదో అనబోయి ఆగిపోయారు. యోసెమిటీ లోయ చేరేదాకా ఆ బండిలో ముగ్గురం ఉన్నామన్న మాటేగానీ మాటల్లేవు. ఆవపిండి ఘాటు మాత్రం ఉంది, వారం రోజులపాటూ!

అసలు హీరో ట్రైలరే

ఆ రాత్రి నిద్రపట్టక పడుకున్నప్పుడు గుర్తొచ్చింది నాకు ‘ది లాంగ్, లాంగ్ ట్రైలర్’. 1954లో ఎం.జి.ఎం. రిలీజు చేసిన పిక్చరు. డైరెక్టరు విన్సెంట్ మినెల్లీ, అంటే ‘యాన్ అమెరికన్ ఇన్ పారిస్’ తీసిన మహానుభావుడే. హీరో డెసీ ఆర్నాజ్, హీరోయిన్ లూసిల్ బాల్. నిజజీవితంలో కూడా వాళ్ళు అప్పటికి భార్యాభర్తలే. ‘ఐ లవ్ లూసీ’ అనే టీవీ సీరియల్‌తో అప్పటికే అమెరికాలో ఇంటింటి చుట్టాలైపోయారు. ఇంట్లో ఉచితంగా కనిపించే జంటని టిక్కెట్టు కొని ఎవరు చూస్తారు అని స్టూడియో వాళ్ళకి గుబులు పట్టుకుందట. జనం మాత్రం బ్రహ్మాండంగా చూశారు.

కథ చాలా చిన్నది. నికీ ఇంజనీరు. ఉద్యోగం ఎక్కడికి తిప్పితే అక్కడికి పోవాలి. కాబోయే పెళ్ళాం టేసీకి ఓ ఆలోచన వస్తుంది. ఊరూరా అద్దె ఇల్లెందుకు, ఇంటినే వెంట తీసుకుపోతే పోలేదా? చిన్న ట్రైలరు చూద్దామని వెళ్ళి, పెద్ద ట్రైలరు మీద మనసు పారేసుకుంటుంది. ‘న్యూ మూన్’ అనే పేరు గల ఆ ట్రైలరు పొడవు 36 అడుగులు. రమారమి మన ఆర్టీసీ బస్సంత! దాన్ని లాగడానికి మళ్ళీ కారు మార్చాలి. పెళ్ళయిన రోజునుంచీ ఆ బండి పెట్టే తిప్పలే పిక్చరంతా. నన్నడిగితే అందులో అసలు హీరో ట్రైలరే!

అందులో ఓ సీను ఉంది. అది చూసి నవ్వని మనిషి నాకింతవరకూ తారసపడలేదు. నికీ ముందు కారు నడుపుతుంటాడు. వెనక ట్రైలర్లో టేసీ రాత్రి భోజనానికి వంట మొదలెడుతుంది. భర్త ఆపగానే వేడివేడిగా వడ్డించాలని ఆశ, పాపం! బండి మలుపు తిరిగితే గిన్నెలు ఒక పక్కకి, మనిషి ఇంకో పక్కకి. గోతిలో దిగితే పిండి గాల్లోకి. లూసిల్ బాల్ శరీరాన్ని విరిచి, పడి, లేచి, మళ్ళీ పడి చేసిన ఆ అభినయం మాటల్లో చెప్పేది కాదు. ఇంతకీ నికీ తాపీగా బండి ఆపి భోజనానికి వచ్చేసరికి ఏముంటుంది? వంట గోడల మీద, పెళ్ళాం నేల మీద! (నడిచే బండిలో లేచి తిరగడం ఎంత ప్రమాదమో ఇప్పుడు అందరికీ తెలుసు. అది 1954. మీరలాంటి పని చెయ్యకండి.)

అయితే పిక్చరుకి గుండెకాయ ఆ సీను కాదు, రాళ్ళ సీను. వెళ్ళిన ప్రతిచోటా టేసీ గుర్తుగా ఓ రాయి ఏరుతుంది. పళ్ళు కొని సీసాల్లో ఊరగాయలా నిలవచేస్తుంది. రాళ్ళు పెరిగాయి, సీసాలు పెరిగాయి, బండి బరువెక్కింది. ఎదుట పెద్ద కొండ. ఇంత బరువుతో ఎక్కితే ప్రాణాలకే ముప్పు, అన్నీ పారెయ్యమంటాడు నికీ. సరేనంటుంది టేసీ. కానీ ఏ రాయి పారేస్తుంది? ఇది మనం ఫలానా చోట కలిసి ఏరిందే! అది మనం మొదటిసారి ఆగిన చోటిది! చేతులు రావు. మొగుడికి తెలీకుండా అలమర్లలో, మూలల్లో, దొరికిన చోటల్లా దాచేస్తుంది.

ఇక కొండదారి. ఒక పక్క గోడలాంటి రాయి, మరో పక్క పాతాళం. ఇద్దరూ భయాన్ని కప్పిపుచ్చుకోవడానికి ఏదేదో మాట్లాడుకుంటూ ఉంటారు. చూసేవాళ్ళకి మాత్రం వెనక అలమర్లో దాగిన రాళ్ళే కళ్ళలో మెదులుతుంటాయి. నవ్వాలో వణకాలో తెలియని సీను. పైకెక్కాక గుట్టు బయటపడుతుంది. నికీ రాళ్ళన్నీ విసిరేస్తాడు. కాపురం విరిగే దాకా వస్తుంది. ఆ తరవాతేమైందో తెరమీదే చూడండి.

ఆ రాత్రి పడుకుని ఇదంతా తలుచుకుంటుంటే నాకు నవ్వు రాలేదు. పక్క పడక మీద అక్క అటు తిరిగి పడుకుని ఉంది. ఎనిమిదడుగుల వెడల్పు బండిలో టేసీ ఉంది, నికీ ఉన్నాడు. రాళ్ళకి బదులు జాడీ, అంతే తేడా.

ఆర్టీసీ బస్సు చివరి సీటు

ఇంతకీ జాడీ ఎందుకు పగిలింది? బ్రేకు తొక్కినందుకే అని బావగారు తనని తాను తిట్టుకున్నారు. తలుపు సరిగా పడలేదని అక్క. నిజానికి అది బయల్దేరేముందే పగలడం మొదలెట్టిందని నాకు తరవాత అర్థమైంది.

మీలో ఆర్టీసీ బస్సులో చివరి సీట్లో కూచోని వారెవరు? అదే గొయ్యి, అదే బస్సు. మధ్య సీటువాడికి చిన్న కుదుపు, చివరి సీటువాడికి నెత్తి టాపుకి కొట్టుకుంటుంది! వెనక చక్రాల వెనక ఉన్న భాగం ఉయ్యాలబల్ల చివర లాంటిది. చక్రం ఒక్క అంగుళం లేస్తే అది అంతకంటే ఎక్కువే లేస్తుంది. మోటార్‌హోముల్లో వెనక చక్రాల తరవాత చాలా పొడుగే బయటికి ఉంటుంది. మేం జాడీని పెట్టింది సరిగ్గా అక్కడే, అదీ పై అలమర్లో. ఎత్తు మీదున్న వస్తువు మలుపుల్లో మరింత ఊగుతుంది. బరువైనది కిందా, చక్రాలకి దగ్గరగా, తేలికైనది పైనా. ఇదీ మొదటి పాఠం. మేం తిరగేసి చదివాం.

ట్రైలరు వాళ్ళకి ఇందులో ఇంకో మెలిక ఉంది. బరువంతా వెనక్కి చేరితే ట్రైలరు ముందు కొక్కెం పైకి లేవబోతుంది, బండి తోక ఆడించడం మొదలెడుతుంది. ట్రైలరు మొత్తం బరువులో నూటికి 10 నుంచి 15 పాళ్ళు ముందు కొక్కెం మీద పడేలా సర్దుకోవాలని అనుభవజ్ఞులు చెబుతారు. టేసీ రాళ్ళు ఎక్కడెక్కడ దాచిందో తలుచుకుంటే ఇప్పుడు నాకు ఒళ్ళు జలదరిస్తుంది!

రెండో సంగతి, ఖాళీ. బండి ఆగినా లోపలి గ్లాసు ఆగదు. నిలబడ్డ ప్రయాణికుడు బ్రేకు పడగానే ముందుకు తూలినట్టు అది తన దారిన తాను పోతుంది. దాని ముందు రెండంగుళాల ఖాళీ ఉంటే ఆ రెండంగుళాల్లో ఊపు తెచ్చుకుని పక్కదాన్ని గుద్దుతుంది. ఖాళీయే లేకపోతే బండితోపాటే కదులుతుంది, బండితోపాటే ఆగుతుంది. కిక్కిరిసిన బస్సులో ఎవరూ పడరు, గమనించారా? పడడానికి చోటేదీ!

మూడోది, మేం పాట అనుకున్న ఆ గలగల. గాజు గాజుకి రాసుకుంటే పైన కంటికి కనపడనంత సన్నని గీతలు పడతాయి. గాజుని నొక్కితే ఎంతైనా ఓర్చుకుంటుంది, వంచితే, లాగితే మాత్రం ఓర్వలేదు. అలా లాగినప్పుడు పగులు మొదలయ్యేది ఆ గీత దగ్గరే. వంద మైళ్ళ గలగల తరవాత చిన్న దెబ్బ చాలు. అందుకే బండిలో వినపడే చప్పుడు పాట కాదు, ఫిర్యాదు. ఆగి వినాలి.

నాన్న ఇచ్చిన పళ్ళాలు

2021లో అక్కావాళ్ళింటికి మళ్ళీ వెళ్ళాను. ఆస్కార్లు ప్రకటించిన కొత్త. ‘నోమాడ్‌లాండ్’ చూద్దామన్నాను. క్లోయీ జావ్ డైరెక్షన్. 2020లో వెనిస్ ఉత్సవంలో గోల్డెన్ లయన్, మరుసటేడు ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకురాలు, ఉత్తమ నటి ఆస్కార్లు. డైరెక్షనుకి ఆస్కార్ అందుకున్న రెండో మహిళ ఈమె. హీరోయిన్ ఫ్రాన్సెస్ మెక్‌డోర్మండ్, నిర్మాతల్లో ఒకరు కూడా. జెస్సికా బ్రూడర్ 2017లో రాసిన పుస్తకం ఆధారంగా తీశారు. నిజంగానే బండ్లలో బతికే మనుషులు లిండా మే, స్వాంకీ, బాబ్ వెల్స్ అందులో తమ పాత్రలు తామే వేశారు.

నెవాడాలో ఎంపైర్ అనే ఊరు. జిప్సం ఫ్యాక్టరీ ఉన్నంతకాలం ఊరుంది. 2011లో ఫ్యాక్టరీ మూతపడితే ఊరే ఖాళీ అయిపోయింది, పిన్‌కోడు కూడా రద్దయింది. ఫెర్న్‌కి భర్త పోయాడు, ఇల్లు పోయింది. ఓ వ్యాను కొనుక్కుని దాన్నే ఇల్లు చేసుకుంటుంది. టేసీలా సరదాకి కాదు, గతిలేక. ఆ వ్యానులో అంగుళం అంగుళం తన చేత్తో సర్దుకుంటుంది. మొగుడి పాత చేపలవేట పెట్టెకి గొళ్ళెం బిగించి, మూత తెరిస్తే వంటబల్లలా పనికొచ్చేట్టు అమర్చుకుంటుంది. చూస్తుంటే ‘అబ్బ, ఎంత తెలివి!’ అనిపిస్తుంది.

ఆవిడ దగ్గర ఓ పళ్ళాల సెట్టుంది. ‘ఆటమ్ లీఫ్’ అంటారు ఆ డిజైనుని. రాలే ఆకుల రంగు బొమ్మ. ఇళ్ళముందు పాత సామాన్లు అమ్ముకునే చోటల్లా తిరిగి, ఒక్కొక్కటే ఏరి కూర్చి, కూతురు హైస్కూలు పూర్తిచేసినప్పుడు నాన్న బహుమతిగా ఇచ్చాడు. అన్నట్టు, ఆ డిజైను వెనక ఓ తమాషా చరిత్ర ఉంది. 1933 నుంచి హాల్ చైనా కంపెనీ వాటిని జ్యూయెల్ టీ కంపెనీ కోసం తయారుచేసింది. ఆ టీ కంపెనీ మనుషులు బండ్లేసుకుని ఇంటింటికీ తిరిగి టీ, కాఫీ అమ్మేవారు, కొన్నవాళ్ళకి కానుకగా ఈ పింగాణీ ఇచ్చేవారు. మన దగ్గర టీపొడి పాకెట్టుకి కప్పు ఉచితం అన్నట్టే! అంటే ఆ సెట్టు పుట్టుకతోనే బండెక్కి ఊళ్ళు తిరిగిందన్నమాట.

డేవ్ అని ఓ పెద్దమనిషి. ఫెర్న్ అంటే అభిమానం. సాయం చెయ్యబోతాడు. ఆ సాయంలోనే పళ్ళాలు పగిలిపోతాయి. అతని తప్పేముంది? ఏమీ లేదు. అయినా ఫెర్న్ అతణ్ణి పొమ్మని గసిరేస్తుంది. తరవాత ఒక్కతే కూచుని పెంకులకి జిగురు రాసి అతుకుతుంది.

మెక్‌డోర్మండ్ ఆ సీన్లో పెద్దగా ఏం చెయ్యదు. కన్నీళ్ళ ధారలు లేవు, వయొలిన్లు లేవు. చేతులు చూపిస్తారు, పెంకులు చూపిస్తారు. నేను పక్కకి తిరిగి చూశాను. అక్క తెరవైపే చూస్తోంది. బావగారు రిమోటు తీసుకుని ఆపబోయారు. “ఉంచండి” అంది అక్క. కాసేపాగి, తనలో తను అనుకున్నట్టు, “నేను అతికించి ఉండాల్సింది” అంది. మూడేళ్ళలో ఆ జాడీ మాట ఆ ఇంట్లో రావడం అదే మొదలు.

“ఆరోజు నేను మెల్లిగా పోనిచ్చి ఉండాల్సింది” అన్నారు బావగారు.

నేను లేచి కాఫీ పెట్టే మిషతో వంటింట్లోకి వెళ్ళిపోయాను.

బావగారి చెవి పరీక్ష

2022లో మళ్ళీ బండి. ఈసారి సర్దుడు డిపార్టుమెంటు బావగారిది. మనిషి ఆర్నెల్లు దానిమీదే పరిశోధన చేశారంటే నమ్మండి.

అలమర్లలో ముందుగా రబ్బరులా పట్టుకునే జాలీ చాపలు పరిచారు. దాని మీద పెట్టిన గిన్నె బ్రేకు వేసినా జారదు. పళ్ళాలు దొంతర పేర్చడం బంద్! పుస్తకాల్లా నిలువుగా, ఒకదానికొకటి మధ్య గుడ్డముక్కతో. దొంతరలో అడుగు పళ్ళెం మీద పైవాటి బరువంతా పడుతుంది, గోతిలో దిగినప్పుడు ఆ బరువు ఎన్నో రెట్లవుతుంది. నిలబెడితే ఎవరి బరువు వాళ్ళదే. ఇళ్ళు మార్చే పేకింగు వాళ్ళు కూడా పళ్ళాలని నిలబెట్టే సర్దుతారు.

గాజు గ్లాసులు? పిల్లల ఉన్ని మేజోళ్ళలోకి! ఒక్కో గ్లాసుకి ఒక్కో మేజోడు తొడిగి, అరలున్న అట్టపెట్టెలో దించి, ఆ పెట్టెని నేలమట్టం అలమర్లో పెట్టారు. మిగిలిన సందుల్లో తువ్వాళ్ళు, నేప్‌కిన్లు, చివరికి నా లుంగీ కూడా కుక్కారు. “ఎలాగూ తీసుకెళ్ళాల్సిన గుడ్డలే కదా, వేరే దూదెందుకు?” అంటారు. నిజమే మరి!

అలమర తలుపులన్నిటికీ సాగే తాళ్ళు. ఫ్రిజ్జుకి గొళ్ళెం. సింకులో ఏమీ ఉంచరాదు. ఓడల్లో బల్లల అంచున చిన్న గట్టు కడతారు, చూశారా? అలాగే ఓ కర్రబద్ద అర ముందు అడ్డంగా బిగించారు. రష్యా రైళ్ళలో టీ గాజుగ్లాసులోనే ఇస్తారు, కానీ దాన్ని బరువైన లోహపు తొడుగులో కూచోబెట్టి ఇస్తారు. రైలు ఊగినా గ్లాసు బోర్లాపడదు. ఈ ముక్క నేను చెబితే బావగారు మర్నాడే ఇత్తడి డబరాలు దింపారు!

పింగాణీకి బదులు కోరెల్ పళ్ళాలు మంచివన్నారు ఎవరో. 1970లో కార్నింగ్ వాళ్ళు తెచ్చిన రకం, మూడు పొరల గాజు. చల్లారేటప్పుడు పైపొరలు నొక్కుకుని బిగుసుకుపోతాయి. పగులు పుట్టాలంటే ముందు ఆ బిగువుని గెలవాలి. పల్చన, తేలిక. కానీ పగిలిందా, సూదుల్లాంటి పెంకులు మూలమూలలకీ ఎగురుతాయి. మెలమైన్ పళ్ళాలు అంత తేలిగ్గా పగలవు, అయితే మైక్రోవేవులో పెట్టకూడదు. “ఇంత గొడవెందుకు? మన స్టీలు కంచాలుండగా!” అంది అక్క. అదీ పాయింటే. స్టీలు పగలదు, కానీ మోత! తమలపాకు పట్టేంత సందున్నా ఊరేగింపు మేళమే. మధ్యన గుడ్డ తప్పదు.

ఇక చెవి పరీక్ష. సామాను సర్దాక బావగారు బండిని మా పేటలోనే ఓ మైలు తిప్పారు. నన్ను వెనక సీట్లో బెల్టు బిగించి కూచోబెట్టి కళ్ళు మూసుకోమన్నారు. “ఏమోయ్ బావమరిదీ, ఎక్కడ మోగుతోంది?” “కుడిపక్క, కిందన!” బండి ఆపడం, అక్కడ గుడ్డ కుక్కడం. మళ్ళీ తిప్పడం. ఇరుగుపొరుగు వాళ్ళు గుమ్మాల్లోకొచ్చి చూశారు. నాలుగో చుట్టుకి బండిలో ఇంజను చప్పుడు తప్ప ఇంకోటి లేదు. సౌండు ఇంజనీరు ఓకే చేశాడన్నమాట!

యోసెమిటీ చూసుకుని, 9,943 అడుగుల ఎత్తున్న టయోగా కనుమ దాటి, సియెర్రా కొండల తూర్పు వైపుకి దిగాం. కనుమ మీద చిప్సు పాకెట్లు బెలూన్లలా ఉబ్బాయి. అక్క కంగారుపడి అలమర తలుపు లాగబోతే బావగారు చెయ్యి పట్టుకుని ఆపారు. విమానం దిగేటప్పుడు చెబుతారే, పై అరలో సామాను కదిలి ఉండొచ్చు జాగ్రత్త అని. అలాగే ఓ చెయ్యి అడ్డంపెట్టి, మెల్లిగా, వేలెడంత సందు తీసి చూశారు. లోపల పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

మర్నాడు దక్షిణంగా లోన్ పైన్ అనే ఊరు చేరాం. సినిమా పిచ్చి ఉన్నవాళ్ళకి అది తీర్థస్థలం. 1939లో వచ్చిన ‘గుంగా దిన్’ లో మన దేశపు వాయవ్య సరిహద్దు కొండలని చూపించింది అక్కడి అలబామా హిల్స్‌నే! అక్కడినుంచి విట్నీ పోర్టల్ రోడ్డు కొండ మీదికి మెలికలు తిరుగుతూ పోతుంది. ‘లాంగ్, లాంగ్ ట్రైలర్’ లో నికీ, టేసీ వణుకుతూ బండెక్కించిన దారి అదే. మేం మా బండిని కిందే ఆపేశాం. కొండ పక్కన గీతలా కనపడే ఆ దారిని చాలాసేపు చూశాం. అక్క వంగి, దారిపక్కనుంచి గుడ్డంత రాయి ఒకటి తీసింది. బావగారికేసి చూసింది.

“ఒకటే” అన్నారు బావగారు. “కింద అలమర్లో, మేజోట్లో పెట్టు.”

ఇంటికొచ్చాక లెక్క చూసుకుంటే గ్లాసు ఒక్కటీ పగల్లేదు. ఆవకాయ ఈసారి ప్లాస్టిక్ డబ్బాలోనే వెళ్ళొచ్చింది. రుచి జాడీ అంత లేదని అక్క ఇప్పటికీ అంటుంది. ఆ పాత జాడీ మూత మాత్రం వాళ్ళ వంటింట్లో ఉప్పుడబ్బా మీద ఉంది. కొలత సరిపోదు, ఓ పక్కకి ఒరిగి ఉంటుంది. ఉప్పు చెమ్మగిల్లుతోందని బావగారు ఓసారి కొత్త మూత కొనుక్కొచ్చారు. అది సొరుగులో ఉంది.